మూడో వరస, పదకొండో సీటు

గానెట్ బే, టాస్మానియా
9 జనవరి 1984

ఒరే మెర్వ్,

నీ క్రిస్మస్ కార్డు మొన్న శనివారం అందింది. పండగ వెళ్ళిపోయిన రెండు వారాలకి శుభాకాంక్షలు పంపే తమ్ముడు ఈ దేశం మొత్తానికి నాకొక్కదానికే ఉన్నాడు. పైగా కార్డు మీద మంచు కురుస్తున్న బొమ్మ! మౌంట్ ఐసా ఎండలో మాడుతూ అది ఏరి కొన్నావంటే నీ ప్రాణం ఎంత వేగిపోతోందో అర్థమైంది. పోనీలే, కార్డు గూట్లో పెట్టాను. వచ్చే క్రిస్మస్‌కి అందరికంటే ముందు నీదే ఉంటుంది.

అసలు సంగతి చెబుతాను. నన్ను నాటక సమాజం వాళ్ళు సాగనంపారు. కంగారు పడకు, మర్యాదగానే. టీ, లామింగ్టన్ కేకులు, ఒక గోడ గడియారం, మూడు ఉపన్యాసాలు. ఉపన్యాసాల్లో సగం నాకు వినపడలేదు. అదే కదా అసలు జబ్బు. ఇరవై ఆరేళ్ళు తెర పక్కన ముక్కాలిపీట మీద కూచుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, మాట మరిచిపోయిన ప్రతివాడికీ మాట అందించాను. ఇకమీదట ప్రాంప్టరే ఉండదట. నటులే కంఠస్థం చేసుకోవాలట. చూద్దాం, ఎన్నాళ్ళు చేస్తారో.

ఆ గడియారం తెచ్చుకుని ఇంట్లో కూచుంటే ఒక సంగతి తట్టింది. ఒరే, నేను ఒక్క నాటకం కూడా ఎదురుగా కూచుని చూడలేదు! అన్నీ పక్కనుంచే. రాజుగారి ఎడమ చెవి, రాణిగారి వీపు, అంతే నాకు తెలిసింది. అరవై మూడేళ్ళు వచ్చాయి. సరే, ఈ ఏడు అందరిలాగా సీజను టికెట్ కొనుక్కుని, మార్చి నాటకం నుంచి నవంబరు నాటకం దాకా నాలుగూ దర్జాగా చూద్దామనుకున్నాను.

అనుకోగానే సరా? డాక్టరు ఎడమ చెవి పూర్తిగా పోయిందనీ, కుడిది సగమే ఉందనీ తేల్చాడు. నాలుగు వరసల అవతలి మాట నా చెవిన పడదు. మొదటి నాలుగు వరసలూ తాతల నాటి నుంచీ కుటుంబాల చేతుల్లో ఉన్నాయి. ఎవరి దిండు వాళ్ళు తెచ్చుకుని ఎవరి సీట్లో వాళ్ళు పాతుకుపోయారు. ఖాళీగా ఉన్నది ఆఖరిదైన పన్నెండో వరసలో, టీ బాయిలరు పక్కన. అక్కడ కూచుంటే చేపల తొట్టి చూసినట్టే, నోళ్ళు కదలడం తప్ప ఏమీ ఉండదు. నాటకం వినపడని నాకు ఈ ఊళ్ళో ఇంకేం మిగిలిందిరా? నేను పనిచేసిన టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఎప్పుడో మూసేశారు. ఇదీ పోతే నేను గడియారం చూస్తూ కూచోవాలి.

కడుపుమంట ఇంకోటి ఉంది. మూడో వరసలో పదకొండో సీటు పందొమ్మిదేళ్ళుగా ఖాళీ. నా పీట మీంచి తెర సందులో కనిపించే సీటు అదొక్కటే కాబట్టి నాకు బాగా తెలుసు. ఎవడో మహానుభావుడు ఏటా డబ్బు కట్టి కొంటాడు, ఒక్క రోజూ రాడు. హాలు కిటకిటలాడుతున్నా ఆ ఒక్క చెక్కా దిండు లేకుండా బోసిగా ఉంటుంది. ఎవడే వాడు అని హిల్డాని అడిగాను. టికెట్ల పుస్తకం దాని దగ్గరే కదా. "పేరు చెప్పనని మాటిచ్చానే" అంది. నోట్లో నువ్వుగింజ నానని హిల్డా ఈ ఒక్క విషయంలో మాత్రం రాయి. వాడెవడో వాడి నోట్లో మన్నుపడ, తను చూడడు, ఇంకొకళ్ళని చూడనివ్వడు.

ఫోన్ చెయ్యకు, చెవిటిదాని ముందు శంఖం ఊదినట్టే. ఉత్తరం రాయి.

అక్క
ఊనా


మౌంట్ ఐసా
21 జనవరి 1984

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి ఇక్కడ నలభై మూడు డిగ్రీలు. పక్కింటి టోయివో తెలుసుగా, ఫిన్లాండ్ వాడు, వాడు ఈ ఎండలో కూడా పెరట్లో కట్టిన ఆవిరి గదిలో దూరి చెమట పట్టించుకుంటాడు. "బయటికి వస్తే చల్లగా ఉంటుంది మెర్వ్" అంటాడు. వాడి మాట నమ్మి నేనూ దూరాను. నిజమే, బయటికి వస్తే నలభై మూడు డిగ్రీలు చల్లగా ఉంది.

నిన్ను సాగనంపడమా? గోడ గడియారమా? ఇరవై ఆరేళ్ళు ఊరందరి పరువూ నీ నాలుక చివర పెట్టి కాపాడావు. నువ్వు లేకపోతే ఆ బాసిల్ ఒక్క అంకమైనా పూర్తి చేసేవాడా? నేను సమాజం అధ్యక్షుడికి ఉత్తరం రాస్తాను. గడ్డి పెట్టి మరీ రాస్తాను.

వినికిడి మిషను కొనుక్కో. డబ్బు నేను పంపిస్తాను.

ఇకపోతే ఆ పదకొండో సీటు మనిషి సంగతి. పాపం, అతన్ని అన్ని తిట్లు తిట్టకు. ఏటా కొంటున్నాడంటే సమాజానికి ఉపకారమేగా? రాకపోవడానికి ఏ ఇబ్బంది ఉందో ఎవరికి తెలుసు. ఈ ఏడు వదులుకుంటాడేమో కూడా. ఏదైనా జరగొచ్చు.

పెంగ్విన్లు ఎలా ఉన్నాయి? ఇంకా సముద్రంలోంచి వచ్చి హాలు నేల కిందే కాపురమా?

మెర్విన్


గానెట్ బే
4 ఫిబ్రవరి 1984

ఒరే మెర్వ్,

అధ్యక్షుడికి ఉత్తరం గిత్తరం రాశావంటే మళ్ళీ నీ మొహం చూడను. వాళ్ళ తప్పేం లేదురా. నేనే నీకు సగం చెప్పాను. మిగతా సగం విను.

నవంబరు నాటకంలో బాసిల్‌ది జడ్జి వేషం. తీర్పు చదువుతూ మధ్యలో ఆగిపోయాడు. నా పీట అతని వెనక ఉంటుంది కదా, మొహం కనిపించదు, చెవే ఆధారం. ఆ చెవికి అతను ఆగిన సంగతే తెలియలేదు. ఇంకా మాట్లాడుతున్నాడనుకుని, వాక్యం మీద వేలు పెట్టుకుని నిమ్మళంగా కూచున్నాను. అతను చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నేల కింద పెంగ్విన్లు గాడిదల్లా ఓండ్రపెట్టాయట. జనం పగలబడి నవ్వారు. నవ్వు మాత్రం వినపడింది నాకు. తలెత్తి చూసేసరికి బాసిల్ వెనక్కి తిరిగి నా వైపు చూస్తున్నాడు. ఆ చూపు మరిచిపోలేను.

మర్నాడు హాల్లో హిల్డాతో "ఈ ఏడు పెంగ్విన్లు రాలేదేమే" అన్నాను. అది నన్ను అదోలా చూసి, "నీ కాలి కిందే అరుస్తున్నాయి కదే ఊనా" అంది. అప్పుడే నేను తప్పుకుంటానని కబురు పెట్టాను. నీకు మాత్రం వాళ్ళే పంపారని రాశాను. ఎందుకు రాశానో నాకే తెలియదు. సిగ్గేసి ఉంటుంది.

వినికిడి మిషను కొన్నాను, నీ డబ్బు అక్కర్లేదు. హాల్లో పెట్టుకుంటే కెటిల్ కూత పెట్టినట్టు అరుస్తుంది. పక్కవాళ్ళు టీ తయారైందనుకుని లేస్తారు.

ఒరే, బాసిల్ చూపు తలుచుకున్నప్పుడల్లా నాకు నువ్వే గుర్తొస్తున్నావు. పందొమ్మిదేళ్ళుగా ఈ మాట రాయాలని కాగితం తీస్తాను, వాతావరణం గురించి రాసి మడిచేస్తాను. ఇవాళ రాసేస్తాను. 1964 నవంబరు. నీది పెద్దకొడుకు వేషం. మూడో అంకంలో "ఈ ఇంటి గడప దాటి నేనెక్కడికీ వెళ్ళను" అనాలి. నువ్వు ఆగావు. అందించాను. నువ్వు పలకలేదు. మళ్ళీ అందించాను. మూడోసారి. నాలుగోసారికి గాభరాలో నా గొంతు హాలు చివరిదాకా వెళ్ళింది. ముందు నవ్వింది మర్టిల్, కథానాయిక వేషంలో నీ ఎదుట నిలబడే నవ్వింది. తర్వాత ఊరంతా నవ్వారు. రెండు వారాల్లో నువ్వు ఓడెక్కి వెళ్ళిపోయావు. మళ్ళీ ఈ ఊళ్ళో కాలు పెట్టలేదు.

నా అరుపు వల్లే కదురా వెళ్ళిపోయావు? నాకు తెలుసు. నీ నోటితో ఒక్కసారి చెప్పేస్తే చాలు, తిట్టినా పడతాను.

ఆ సీటు మహానుభావుణ్ణి నువ్వెందుకు వెనకేసుకొస్తున్నావో మాత్రం అర్థం కాలేదు.

ఊనా


మౌంట్ ఐసా
16 ఫిబ్రవరి 1984

అక్కా,

ఆ పాత సంగతి ఇప్పుడెందుకు. తీరిగ్గా ఎప్పుడైనా మాట్లాడుకుందాం.

ఇప్పుడు నేను చెప్పింది మాత్రం చెయ్యి, ఎందుకని అడక్కు. ఫిబ్రవరి ఆఖరుతో పాతవాళ్ళు సీట్లకి డబ్బు కట్టే గడువు అయిపోతుంది కదా. మార్చి ఒకటో తారీకు గురువారం పొద్దున్న అందరికంటే ముందు టికెట్ కిటికీ దగ్గర నిలబడు. హిల్డా కిటికీ తియ్యగానే మూడో వరస పదకొండు కావాలని అడుగు. నా కోసం ఒక్కసారి నా మాట విను.

ఇక్కడ వాన పడింది. నాలుగు చుక్కలే. అయినా టోయివో చొక్కా విప్పి వీధిలో నిలబడ్డాడు.

మెర్విన్


గానెట్ బే
3 మార్చి 1984

మెర్విన్,

నీ మాట విన్నాను. బాగా విన్నాను.

ఆరింటికే మడత కుర్చీ, ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళి కూచున్నాను. ఎనిమిదింటికి నా వెనక ఇరవై మంది. తొమ్మిదికి హిల్డా కిటికీ తీసింది. "మూడో వరస పదకొండు" అన్నాను. దాని మొహం ఎర్రబడింది. "అది నిన్ననే ఖాళీ అయింది, ఊనా. నీకెలా తెలుసు?" అంది. నా గుండె గంతులేసింది. తర్వాత అంది కదా, "కానీ నీకివ్వలేనే. కాచుకున్నవాళ్ళ పట్టీ ఉందిగా. నువ్వు పట్టీలో ఏడోదానివి."

పట్టీ ఉందట! 1971 నుంచీ ఉందట! కిటికీ దగ్గర ఎవరు ముందుంటే వాళ్ళకే అన్న పద్ధతి అప్పుడే పోయిందట. నేనెప్పుడైనా టికెట్ కొంటేగా తెలియడానికి? జనవరిలో నేను సీటు కావాలని అడిగినప్పుడు హిల్డా నా పేరు అందులో రాసుకుందట. నాకు మాత్రం ఒక్క ముక్కా చెప్పలేదు. చెప్పానంటుంది. నాకు వినపడలేదేమో.

ఇరవై మంది ఎదుట గొంతు చించుకున్నాను మెర్విన్. ఎంత గట్టిగా అరుస్తున్నానో నాకు తెలియదు కదా. "ఇరవై ఆరేళ్ళు మీ అందరికీ నోరరువిచ్చాను, ఒక్క చెక్క సీటు ఇవ్వలేరా" అన్నాను. అందరూ నేల చూపులు చూశారు. ఇంటికొచ్చాక సిగ్గుతో చచ్చిపోయాను. ఏడోదాన్నంటే ఇక రాదనే అర్థం. నా ముందున్న ఆరోది మర్టిల్. దాని కళ్ళు మసకబారాయి, పదకొండేళ్ళుగా ముందు వరస కోసం కాచుకుని ఉంది. పై అయిదుగురూ వద్దన్నా అది వదలదు. చివరికి పన్నెండో వరసలో నాలుగో సీటే కొనుక్కుని, టికెట్ సంచిలో పడేసుకుని వచ్చాను.

ఇంట్లో కూచుని ఆలోచించాను. సీటు ఖాళీ అవుతుందని నీకెలా తెలుసు? మౌంట్ ఐసాలో కూచున్న నీకు? దాన్ని వదులుకున్నవాడికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది?

నువ్వే కదూ.

పందొమ్మిదేళ్ళు. నేను తెర సందులోంచి చూస్తే కనిపించే ఒక్క సీటు. దాన్ని కొని ఖాళీగా ఉంచావు. నేను ప్రతి నాటకంలో, ప్రతి అంకంలో తలెత్తినప్పుడల్లా చూడాలని. నా వల్ల ఎవరు వెళ్ళిపోయారో నాకు గుర్తుండాలని. తిట్టి ఉంటే పోయేది కదరా. ఇంత పెద్ద శిక్ష, అదీ డబ్బు కట్టి మరీ వేస్తావనుకోలేదు.

ఊనా


మౌంట్ ఐసా
11 మార్చి 1984

అక్కా, అక్కా, అక్కా,

నీ ఉత్తరం నిలబడే చదివాను. చదివి కూలబడ్డాను. టోయివో వచ్చి ఎవరు పోయారని అడిగాడు. "ఎవరూ పోలేదు, నా బుద్ధే పోయింది" అన్నాను.

ముందు 1964 సంగతి చెప్పనీ. నువ్వందించిన మాట నాకు మొదటిసారే వినపడింది. నువ్వు గుసగుసలాడితే సముద్రం హోరులో కూడా నాకు వినపడుతుంది. చిన్నప్పుడు నాకు మాట తడబడేది, గుర్తుందా? అమ్మ పోయాక మరీ ఎక్కువైంది. రొట్టె కొట్లో "పా... పా..." అని నేను గిలగిల్లాడుతుంటే నువ్వు వెనకనుంచి మెల్లిగా "పావు రొట్టె" అనేదానివి. మాట నా నోట్లోంచే వచ్చినట్టు నటించేదానివి. కొట్టువాడు నవ్వకుండా నువ్వొక్కదానివే అడ్డం నిలబడ్డావు. నన్ను నాటకాల్లో వేయించిందీ నువ్వే. వేరేవాళ్ళ మాటలైతే నాకు తడబడవని కనిపెట్టిందీ నువ్వే.

ఆ రోజు వినపడలేదని కాదే నేను ఆగింది. వేషం కోటు కింద, నా చొక్కా జేబులో మౌంట్ ఐసా గని వాళ్ళ ఉత్తరం ఉంది. ఉద్యోగం ఇచ్చారు, రెండు వారాల్లో చేరాలి. నీకు చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియక అయిదు రోజులుగా మోస్తున్నాను. ఆ జేబుతో నిలబడి "ఈ ఇంటి గడప దాటి నేనెక్కడికీ వెళ్ళను" అని, అదీ నువ్వు వింటుండగా, ఎలా అననే? నువ్వు నాలుగుసార్లు అందించావు. నాలుగుసార్లూ కోటు మీంచి ఆ జేబు తడుముకున్నాను. చివరికి అన్నాను. అబద్ధం ఆడాను. జనం నీ అరుపుకి నవ్వారు, నేను ఊరుకున్నాను. అక్కడే చెప్పాల్సింది, మా అక్క తప్పు కాదని. చెప్పలేదు.

ఇక ఆ సీటు. ఇక్కడ మొదటి జీతం రాగానే కొన్నాను. నీ పీట వెనక ఎన్నిసార్లు నిలబడలేదు నేను? అక్కడినుంచి ఏ సీటు కనిపిస్తుందో నాకు తెలియదా? నాటకానికి వచ్చి ఆ సీట్లో కూచుంటే, నువ్వు తలెత్తగానే నేను కనిపిస్తానని కొన్నాను. ప్రతి జనవరిలోనూ ఈ ఏడు తప్పకుండా వెళ్తాననే కొన్నాను. ప్రతి మార్చిలోనూ ఏ మొహం పెట్టుకుని వెళ్ళనని ఆగిపోయాను. పందొమ్మిది జనవరులు. నీకు శిక్ష వెయ్యడమా? నా నోటికి మాట ఇచ్చినదానివి నువ్వు.

నీకు సీటు కావాలని రాశావు కదా, టికెట్ కొని నీకు పంపేస్తే సరిపోయేది. కానీ పంపితే ఇదంతా చెప్పుకోవాలి. అందుకని నీ పేరు మీదే, నీ అంతట నీకే దొరికినట్టు ఉండాలని వదిలేశాను. ఆ పట్టీ సంగతి నాకేం తెలుసు? నేనున్నప్పుడు కిటికీయే కదా. హిల్డాకి మనియార్డరు పంపుతూ వచ్చాను గాని పద్ధతులు మారాయేమోనని ఎప్పుడూ అడగలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇప్పుడు ఆ సీటు నీకూ లేదు, నాకూ లేదు.

క్షమించు. ఈ ఉత్తరంలో తడబడకుండా రాశానో లేదో కూడా తెలియదు.

నీ మెర్వ్


గానెట్ బే
26 మార్చి 1984

నా పిచ్చి మెర్వ్,

నీ ఉత్తరం పదిహేడున వచ్చింది. మొదటిసారి చదివి ఏడ్చాను. రెండోసారి చదివి నిన్ను తిట్టాను, "వెళ్తున్నానక్కా" అనే రెండు ముక్కలకి పందొమ్మిదేళ్ళా? మూడోసారి చదివి నన్ను నేను తిట్టుకున్నాను. నాలుగోసారి నవ్వొచ్చింది. జేబులో ఉత్తరంతో నువ్వు, వెనకనుంచి "వెళ్ళను అనరా, వెళ్ళను అను" అని నేను! ఆ నాటకం రాసినవాడికి కూడా ఇంత తట్టి ఉండదు.

రొట్టె కొట్టు సంగతి నీకు గుర్తుందని నాకు తెలియదురా. నువ్వు అది గమనించలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఇప్పుడు ఇక్కడి కబురు విను. కూచుని విను, టోయివోని పక్కన పెట్టుకో.

ఇరవయ్యో తారీకున హిల్డా పట్టీ పుస్తకం చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. పద్ధతి ప్రకారం అది పట్టీలో మొదటి పేరు నుంచీ ఇంటింటికీ వెళ్ళి "పదకొండో సీటు కావాలా" అని అడగాలి. వద్దంటే ఎందుకు వద్దో ఆ పక్క గడిలో రాయించాలి. మొదటి పేరు బాసిల్‌ది, తనకి వేషం లేని నాటకాలు చూడడానికట. అవును, నేను నవంబరులో నిలువునా ముంచిన బాసిలే. అతను వద్దని, ఆ గడిలో ఇలా రాశాడు: "'తుపాకీ నేల మీద పెట్టు.' 1972, రెండో అంకం. ఊనా అందించింది."

రెండోవాడు బ్యాంకు ఆయన: "'మీ అమ్మగారు నాకా మాట చెప్పలేదు.' వరసగా మూడు రోజులు మరిచిపోయాను. మూడు రోజులూ అందించింది." మూడో పేరు చేపల కొట్టు ఆవిడ: "'అవును.' నా వేషానికి ఉన్నది ఆ ఒక్క మాటే. అదీ మరిచిపోయాను." నాలుగోది మన పాత తపాలా మాస్టరు: "నేను వేరే నాటకంలో మాటలు మొదలుపెట్టాను. ఊనా నన్ను ఈ నాటకంలోకి లాక్కొచ్చింది." అయిదోవాడు ఎర్రమట్టి దారిలో బంగాళాదుంపలు పండించే ఆయన, జన్మలో స్టేజీ ఎక్కలేదు. ఆయన రాసింది చూడు: "నేను నాటకాలాడలేదు. మా ఆవిడ కాన్పుకి డాక్టరు దొరకలేదు. ఎక్స్ఛేంజిలో ఊనా ఉంది. నాలుగు ఊళ్ళకి ఫోన్లు కలిపి ఆయన్ని పట్టుకుంది. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు."

నాకు గుర్తే లేవురా ఇవన్నీ. మాట అందించాక పేజీ తిప్పేస్తాను, అంతే. వాళ్ళు మాత్రం దాచుకున్నారు. ఆ రోజు నేను కిటికీ దగ్గర అరిచినప్పుడు నేల చూపులు చూసినవాళ్ళలో నలుగురు వీళ్ళే. నన్ను చూసి అసహ్యపడ్డారనుకున్నాను.

ఆరో పేరు మర్టిల్. పక్క గడిలో ఏమీ లేదు. పేరు మాత్రం కొట్టేసి ఉంది, కాగితం చిరిగేంత గట్టిగా. "ఏమందే?" అని అడిగాను. "ఏమీ అనలేదు. 'పెన్ను ఇటియ్యి' అంది, అంతే" అంది హిల్డా. పెన్ను నాకిచ్చింది. ఏడో పేరు పక్కన సంతకం పెట్టాను.

మొన్న శనివారం మొదటి నాటకం. మాటలు సరిగా వినపడవని భయపడి పుస్తకం అడిగి తెచ్చుకుని మూడు వారాలు ఇంట్లో చదివాను. నీలం గౌను వేసుకున్నాను. మూడో వరసకి వెళ్ళి నిలబడ్డాను గాని కూచోవడానికి ధైర్యం చాలలేదు. పందొమ్మిదేళ్ళుగా ఎవరూ కూచోని చెక్క, వార్నిష్ కూడా చెరగలేదు. వెనకనుంచి ఎవరో నా నడుం మీద పొడిచారు. మర్టిల్. చేతిలో దిండు. "దిండు లేకుండా కూచుంటే రెండో అంకానికి నడుం పట్టేస్తుంది. ఇంతకాలం నాటకాల్లో ఉండి కూచోవడం కూడా రాదా నీకు?" అంది. తీసుకున్నాను. ఇంకా అక్కడే నిలబడింది. "మీ తమ్ముడు ఆగిపోయినప్పుడు నేను నవ్వకుండా ఉండాల్సింది" అని, నేను జవాబు చెప్పేలోపే వెళ్ళిపోయింది. సగం వినపడి సగం పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. విరామంలో టీ దగ్గర ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఎవరు ఏ బట్టలు వేసుకున్నారో నేను దానికి చెబుతాను, ఎవరు ఏమన్నారో అది నాకు చెబుతుంది. మా ఇద్దరికీ కలిపి ఒక మనిషికి సరిపడా చూపూ వినికిడీ ఉన్నాయి.

మెర్వ్, తెర లేచింది. ఒరే, మొహాలు! ఇరవై ఆరేళ్ళు గొంతులు విన్నాను గాని మొహాలు చూడలేదురా. బాసిల్ ఏడిస్తే గడ్డం వణుకుతుందని ఈ ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు, నాకు తెలియదు. మొదటి అంకమంతా నోరు తెరుచుకుని చూశాను.

రెండో అంకంలో బాసిల్ పెదాలు ఆగాయి.

నటన కోసం ఆగింది కాదు. నాకు తెలుసు. ప్రాంప్టరు లేదు, పక్కన పీటా లేదు. అతను ఒక్క క్షణం అలవాటు కొద్దీ తెర పక్కకి చూశాడు. తర్వాత సూటిగా నా వైపు చూశాడు. నేను గొంతెత్తలేదు. పెదాలతో మాత్రం, చప్పుడు లేకుండా, ఒక్కో మాటా విడివిడిగా అన్నాను: "ఆ తాళం చెవి ఎప్పుడూ నా దగ్గరే ఉంది." అతను అందుకున్నాడు. ఆ మాట అలా ఆగి ఆగి అనడం ఎంత బాగుందో అని హిల్డా ఇవాళ్టికీ మెచ్చుకుంటోంది. హాల్లో ఎవరికీ తెలియదు. అతనికీ నాకూ తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు.

నవంబరులో అతను ఆగితే నాకు తెలియలేదు, ఎందుకంటే వీపు తప్ప కనిపించలేదు. చెవి పోయిందని ఏడ్చాను గాని, ఎదురుగా కూచుంటే కళ్ళు ఉన్నాయి కదరా. ఆ చోటు నువ్వు పందొమ్మిదేళ్ళు పట్టి ఉంచావు, ఎవరూ కూచోకుండా. నిన్ను మహానుభావుడని వెటకారంగా రాశాను. ఆ మాట అలాగే ఉంచుతాను, వెటకారం మాత్రం తీసేస్తాను.

ఇందులో ఒక టికెట్ పెట్టాను. పన్నెండో వరస, నాలుగో సీటు. నేను కొని పడేసుకున్నదే. ఇంకా మూడు నాటకాలకి పనికొస్తుంది. జూన్‌లో రెండోది. టీ బాయిలరు పక్కనే, మన జూన్ చలికాలంలో నీకు వెచ్చగా ఉంటుంది. పెంగ్విన్లు నీ కాళ్ళ కిందే. ఒకటే షరతు: మన కుటుంబంలో సీటు కొని ఖాళీగా ఉంచే ఆచారం ఇంతటితో ఆఖరు.

నీ అక్క
ఊనా


మౌంట్ ఐసా
8 ఏప్రిల్ 1984

అక్కా,

సెలవు రాయించాను. జూన్ ఏడున ఓడ దిగుతాను, మధ్యాహ్నానికి మన ఊళ్ళో ఉంటాను. టోయివో తన పాత దిండు ఇచ్చాడు. ఆవిరి గది వాసన వస్తోంది, అయినా తెస్తాను. మీ ఊళ్ళో దిండు లేనివాణ్ణి మనిషిగా చూడరని చెప్పాను వాడికి.

టికెట్ చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఒకప్పుడు ఆ జేబులో ఉత్తరం ఎంత బరువుగా ఉండేదో, ఇది అంత తేలికగా ఉంది.

గడప దాటనని స్టేజీ మీద అన్నాక ఇన్నేళ్ళూ నేను దాటని గడప ఒక్కటే ఉంది, మనింటిది. దాని ముందు నిలబడి ఏం చెప్పాలో రోజూ కంఠస్థం చేస్తున్నాను. అయినా నా సంగతి నీకు తెలుసుగా. తలుపు తీశాక నాకు నోరు పెగలకపోతే, గట్టిగా అరవకు. నా మొహం చూస్తూ పెదాలతో చెప్పు. అందుకుంటాను.

నీ తమ్ముడు
మెర్వ్